క్యాడెట్ పైలట్ శిక్షణ: దరఖాస్తుకు ముందు కుటుంబమంతా తెలుసుకోవలసిన సంగతులు

ముంబయి నుండి నాసిక్ వెళ్లే జాతీయ రహదారిపై, ఠాణే దాటిన తరువాత భివండి తాలూకాలో మాన్కోలి అనే ఊరు వస్తుంది. భివండి పేరు వినగానే మన సరిహద్దు గ్రామాల వారికి సాంచాల మోత గుర్తుకు వస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి తరతరాలుగా వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ ఒక పేటనే నిర్మించుకున్నవి; దాని పేరే పద్మనగర్. మాన్కోలి చుట్టుపక్కల పొలాలు క్రమంగా గోదాములుగా మారినవి. తండ్రి మగ్గం మీద, అన్న గోదాములో పనిచేస్తున్న ఇళ్లలో ఇప్పుడు పన్నెండవ తరగతికి వచ్చిన పిల్లలున్నారు. వారిలో ఒకరు "నేను పైలట్ నవుతాను" అన్నప్పుడు తల్లిదండ్రులు నవ్వి ఊరుకోవడమో, లేక ఊళ్లో ఉన్న రెండెకరాలు అమ్మడానికి సిద్ధపడడమో జరుగుతున్నది. రెండూ తొందరపాటే. కోరిక అసాధ్యమైనది కాదు. అయితే అందులో అడుగుల క్రమం తప్పితే పోయేది కొద్దిపాటి సొమ్ము కాదు.

ఈ ఆశకు కారణం లేకపోలేదు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాల కొనుగోలును ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో ఇండిగో సంస్థ ఎయిర్‌బస్ కంపెనీకి 500 విమానాలు ఒకేసారి ఆర్డరు ఇచ్చింది. ఇవన్నీ ఒక్క రోజులో రావు. సంవత్సరాల తరబడి వస్తూ ఉంటాయి. వచ్చిన ప్రతి విమానానికీ పలువురు పైలట్లు కావాలి. అందువలన విమాన సంస్థలు తమకు కావలసిన వారిని తామే ఎంచుకొని, తాము ఒప్పందం కుదుర్చుకున్న శిక్షణ సంస్థలలో తయారు చేయించుకుంటున్నవి. దీనికే క్యాడెట్ పైలట్ కార్యక్రమం అని పేరు.

క్యాడెట్ అంటే ఉద్యోగి కాదు

ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. పత్రికలలో, ఫోనులలో కనిపించే ప్రకటనలో విమాన సంస్థ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. దానిని చూసి, ఎంపికైతే ఆ సంస్థలో ఉద్యోగం వచ్చినట్లేననీ, శిక్షణ ఖర్చు సంస్థదేననీ అనుకుంటారు. మన దేశంలో సాధారణంగా అమలులో ఉన్న పద్ధతి అది కాదు. శిక్షణ ఖర్చంతా అభ్యర్థి కుటుంబమే భరించాలి. విమాన సంస్థ ఇచ్చేది షరతులతో కూడిన హామీ పత్రం మాత్రమే. శిక్షణలోని ప్రతి దశనూ నిర్ణీత గడువులో, నిర్ణీత ప్రమాణంతో పూర్తి చేస్తే, అప్పటికి సంస్థకు అవసరం ఉంటే, ఉద్యోగానికి పరిగణిస్తామన్నది దాని సారాంశం.

మామూలు పద్ధతికీ దీనికీ తేడా ఏమిటని అడగవచ్చు. మామూలు పద్ధతిలో అభ్యర్థి తనకు తానే ఏదో ఒక ఫ్లయింగ్ స్కూలులో చేరి, కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించుకుంటాడు. ఆ తరువాత సంస్థల ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురు చూస్తాడు. క్యాడెట్ పద్ధతిలో వడపోత ముందే జరుగుతుంది. లైసెన్సు తరువాత, ఎయిర్‌బస్ 320 వంటి ఒక నిర్దిష్ట విమానాన్ని నడపడానికి కావలసిన 'టైప్ రేటింగ్' శిక్షణ కూడా తరచుగా అదే కార్యక్రమంలో కలిసి ఉంటుంది. ఎదురుచూపు తగ్గే అవకాశం ఉన్నది. అందుకు తగినట్లే ధర కూడా ఎక్కువ. మొత్తం ఖర్చు కోటి రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. విదేశంలో శిక్షణ అయితే ఇంకా పెరగవచ్చు. సూటిగా చెప్పాలంటే క్యాడెట్ కార్యక్రమం అనేది కుటుంబం అప్పు చేసి కొనుక్కొనే ఒక అవకాశం. మంచి అవకాశమే కావచ్చు, కాని అది నియామకం కాదు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణమున్నది. కింగ్‌ఫిషర్ విమానాలు 2012 అక్టోబరులో ఆగిపోయినవి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మే నెలలో నిలిచిపోయినవి. 2020లో కరోనా వచ్చినప్పుడు దేశమంతటా నియామకాలు స్తంభించినవి. సంస్థ ఆగినా, నియామకం ఆగినా, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. చదువు పూర్తయిన వెంటనే జీతం వస్తుందన్న లెక్క మీద ఇంటిని తాకట్టు పెట్టరాదు.

అర్హతలు

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కనీస వయస్సు 18 సంవత్సరాలు. విద్యార్థి పైలట్ లైసెన్సును 16 ఏళ్లకే పొందవచ్చు. చదువు విషయంలో ఇంటర్మీడియట్ లేదా పన్నెండవ తరగతిలో భౌతికశాస్త్రం, గణితం రెండూ ఉత్తీర్ణులై ఉండాలన్నది దశాబ్దాలుగా ఉన్న నిబంధన. దీనిని సడలించి కామర్సు, ఆర్ట్స్ వారికి కూడా అవకాశమివ్వాలన్న ప్రతిపాదన 2025లో చర్చకు వచ్చింది. ప్రతిపాదనను నమ్ముకొని గ్రూపును ఎంచుకోవడం మాత్రం వివేకం కాదు. భివండిలో పదవ తరగతి పూర్తి చేసి సైన్సు జూనియర్ కాలేజీలో చేరే పిల్లలు కొందరు డాక్టరు చదువు ఆలోచనతో గణితం వదిలి జీవశాస్త్రం తీసుకుంటారు. ఆ ఒక్క సంతకంతో పైలట్ దారి మూసుకుపోతుంది. మూసుకుపోయిన వారికి ఒక కిటికీ ఉన్నది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్.ఐ.ఒ.ఎస్., ద్వారా భౌతికశాస్త్రం, గణితం విడిగా వ్రాసి ఉత్తీర్ణులు కావచ్చు. కామర్సు చదివి ఇప్పుడు పైలట్లుగా ఉన్నవారిలో పలువురు ఈ మార్గాన వచ్చినవారే.

విమాన సంస్థలు తమ క్యాడెట్ కార్యక్రమాలకు దీనికి మించి మార్కుల శాతం, వయోపరిమితి విధిస్తాయి. అవి సంస్థకూ సంస్థకూ, ప్రకటనకూ ప్రకటనకూ మారుతుంటాయి. కావున ఆ ఏటి ప్రకటనను సంస్థ సొంత వెబ్‌సైటులోనే చదవాలి. ఎవరో పంపిన వాట్సాప్ సందేశంలో కాదు.

తెలుగు మాధ్యమంలోనో మరాఠీ మాధ్యమంలోనో చదివిన పిల్లలకు ఇంగ్లీషు భయం సహజం. పైలట్‌కు కావలసిన ఇంగ్లీషు కథలు వ్రాసే ఇంగ్లీషు కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ భాషా ప్రావీణ్యాన్ని ఆరు స్థాయిలుగా విభజించింది. లైసెన్సుకు కనీసం నాలుగవ స్థాయి చాలు. తడబడకుండా వినడం, స్పష్టంగా పలకడం, అనుకోని పరిస్థితిని నాలుగు తేలిక మాటలలో చెప్పగలగడం దానికి కొలమానం. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, గాలాలో హిందీ మాట్లాడుతూ పెరిగిన పిల్లలకు నాలుగవ భాష చెవికి పట్టడం నగరంలో ఒకే భాషతో పెరిగిన వారికంటె కష్టం కాదు. రోజూ అరగంట గట్టిగా చదవడం, విన్నదానిని తిరిగి చెప్పడం పదవ తరగతి నుండే మొదలుపెడితే సరిపోతుంది.

మొదటి ఖర్చు డాక్టరుకే

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తు పెట్టుకోదలచినవారు దీనిని గుర్తు పెట్టుకోవాలి. ఏ శిక్షణ సంస్థకూ ఒక్క రూపాయి కట్టక ముందే వైద్య పరీక్ష పూర్తి చేసుకోవాలి. పైలట్ల లైసెన్సులు, పరీక్షలు, వైద్య ధ్రువీకరణలు అన్నీ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డి.జి.సి.ఎ., చేతిలో ఉంటాయి. ఆ శాఖవారి ఇ-జి.సి.ఎ. అనే వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకొని, ఆ శాఖ గుర్తించిన వైద్యుని వద్ద ముందుగా 'క్లాస్ 2' మెడికల్ చేయించుకోవాలి. అది ఆమోదం పొందిన తరువాత 'క్లాస్ 1' మెడికల్‌కు వెళ్లాలి. దీనిని బెంగళూరు, ఢిల్లీలలోని వైమానిక దళ వైద్య కేంద్రాలతోపాటు డి.జి.సి.ఎ. గుర్తించిన కొన్ని ఆసుపత్రులలోనూ చేస్తారు. తేదీ దొరకడానికి కొంతకాలం వేచి ఉండవలసి రావచ్చు. రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు వేలలో ఉంటుంది. శిక్షణ ఖర్చు లక్షలలో, కోట్లలో. వేలు పెట్టి లక్షలు కాపాడుకోవడమంటే ఇదే.

కళ్లద్దాలు ఉంటే పైలట్ కాలేరన్నది అపోహ. అద్దాలతో చూపు నిర్ణీత ప్రమాణానికి సరిపోతే అభ్యంతరం లేదు. అయితే రంగులను గుర్తించడంలో లోపం ఉంటే పెద్ద అవరోధమే. చాలామందికి ఆ లోపం ఉన్నట్లు పరీక్ష చేసే వరకు తెలియనే తెలియదు. రక్తపోటు, గుండె, చక్కెర, చెవి, ముక్కు అన్నీ చూస్తారు. మగ్గాల షెడ్డు పక్కనే ఉన్న గదులలో పెరిగిన పిల్లలు వినికిడి పరీక్షను ఇంకా ముందే ఒకసారి చేయించుకోవడం మంచిది. ఎడతెగని సాంచాల మోత చెవులకు చేసే చెరుపు పని చేసేవారికే పరిమితం కాదు. ఒక పరీక్షలో 'తాత్కాలికంగా అనర్హులు' అని వ్రాసినంత మాత్రాన కథ ముగియదు. చికిత్స చేయించుకొని మళ్లీ హాజరు కావచ్చు, అప్పీలు కూడా ఉన్నది. శాశ్వతంగా అనర్హులని తేలితే, అది ఫీజు కట్టక ముందే తేలడం ఆ ఇంటికి అదృష్టం. ఫీజు కట్టిన తరువాత తేలిందంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే.

పేరు, ఇంటిపేరు, కాగితాలు

వలస కుటుంబాలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. పెద్ద పట్టణాలవారు దీనిని ఊహించలేరు. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది, తరచుగా ఒక పొడి అక్షరంగా మిగిలిపోతుంది. మహారాష్ట్ర పద్ధతిలో పిల్లల పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ పూర్తిగా వ్రాస్తారు. బోర్డు మార్కుల పత్రంలో ఇంటిపేరు మొదట వస్తుంది. పదవ తరగతి ధర్మాబాద్‌లోనో బోధన్‌లోనో చదివి, పన్నెండవ తరగతి భివండిలో పూర్తి చేసిన విద్యార్థికి రెండు మార్కుల పత్రాలలో రెండు రకాల పేర్లు ఉండడం అరుదు కాదు. ఆధార్‌లో మూడవ రకం, పాస్‌పోర్టులో నాలుగవ రకం కూడా ఉంటాయి. డి.జి.సి.ఎ. వ్రాతపరీక్షలకు 'కంప్యూటర్ నంబరు' తీసుకునేటప్పుడు మార్కుల పత్రాలు నిజమైనవేనని బోర్డు నుండి ధ్రువీకరణ అడుగుతారు. పేరు కలవకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఇంత కచ్చితంగా ఉండడానికి నేపథ్యం కూడా ఉన్నది. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన కొందరు పైలట్లు దేశంలో అరెస్టయ్యారు. కావున పేరు సవరణను పన్నెండవ తరగతిలో ఉండగానే, గెజిట్ ప్రకటన అవసరమైతే దానితో సహా, పూర్తి చేసుకోవాలి. అది నెలల పని.

కులధ్రువీకరణ విషయం కూడా ఇటువంటిదే. ఒక రాష్ట్రంలో ఇచ్చిన ధ్రువపత్రంతో మరో రాష్ట్ర ప్రభుత్వ రాయితీలు దానంతట అవి లభించవు. తండ్రి స్వస్థలం తెలంగాణ, పిల్లల చదువు మహారాష్ట్ర అయినప్పుడు ఏ రాష్ట్రపు స్కాలర్‌షిప్‌కు ఏ నివాస ధ్రువపత్రం కావాలో ముందుగా తహసీల్దారు కార్యాలయంలో విచారించుకోవాలి. షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వపు 'టాప్ క్లాస్' విద్యా పథకాలున్నవి. ఎంపిక చేసిన సంస్థలలో కమర్షియల్ పైలట్ శిక్షణకు కూడా షెడ్యూల్డు కులాల పథకం సాయపడుతూ వచ్చింది.

ఎంపిక ఎట్లా జరుగుతుంది

విమాన సంస్థ లేదా దాని భాగస్వామి శిక్షణ సంస్థ వెబ్‌సైటులో దరఖాస్తు చేసిన తరువాత సాధారణంగా వ్రాతపరీక్ష ఉంటుంది. ఇంటర్ స్థాయి గణితం, భౌతికశాస్త్రం, ఇంగ్లీషు అడుగుతారు. తరువాతిది కంప్యూటర్ మీద జరిగే సామర్థ్య పరీక్ష. నోటిలెక్కలు వేగంగా వేయగలగడం, దిక్కులను ఊహించగలగడం, ఒక చేత్తో జాయ్‌స్టిక్ కదుపుతూనే చెవిన పడిన అంకెలను గుర్తుంచుకోవడం వంటివి అందులో చూస్తారు. ఒకేసారి నాలుగు సాంచాలను కనిపెట్టుకొని, ఏ మగ్గంలో పోగు తెగిందో చప్పుడును బట్టి పసిగట్టే కార్మికునికి ఉన్న చురుకుదనానికి ఇది దగ్గరి చుట్టమే. కొన్నాళ్లు సాధన చేస్తే మెరుగుపడుతుంది. కోచింగ్ కేంద్రాలకు లక్షలు పోయవలసిన పని లేదు. ఆ తరువాత బృంద చర్చ, ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూలో తండ్రి వృత్తిని దాచడం కొందరు చేసే పని. అవసరం లేదు. మనిషి నిజాయితీగా, నిబ్బరంగా ఉన్నాడా, తప్పు జరిగితే చెప్పగలడా అన్నదే వారు వెతికేది.

ఎంపికైన తరువాత శిక్షణ సుమారు ఏడాదిన్నర నుండి రెండేళ్లు. లైసెన్సుకు కనీసం 200 గంటలు గాలిలో ఎగరాలి. అందులో 100 గంటలు తానే కమాండులో ఉండి నడపాలి. 300 నాటికల్ మైళ్లకు తగ్గని ఒక దూర ప్రయాణం, రాత్రివేళ ఎగరడం కూడా అందులో భాగం. నేల మీద వ్రాసే పరీక్షలు వేరు. ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. వీటిలో ఉత్తీర్ణతకు నూటికి 70 మార్కులు రావాలి. వీటితోపాటు రేడియోలో మాట్లాడేందుకు ఆర్.టి.ఆర్. ధ్రువపత్రం కావాలి. ఒకప్పుడు దీనిని టెలికాం శాఖ ఇచ్చేది. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమంతో ఆ బాధ్యత కూడా డి.జి.సి.ఎ.కు వచ్చింది. ఈ వ్రాతపరీక్షలలో కొన్నింటిని ఫ్లయింగ్ స్కూలులో చేరక ముందే ఇంటి వద్ద చదివి పూర్తి చేసుకున్న వారికి తరువాత సమయం, హాస్టలు ఖర్చు రెండూ కలిసివస్తాయి. తనకు ఈ చదువు సరిపడుతుందా లేదా అన్నది కూడా తక్కువ ఖర్చులోనే తెలిసిపోతుంది.

డబ్బు లెక్క

విద్యారుణం విషయంలో బ్యాంకుల సాధారణ పద్ధతి ఇట్లా ఉన్నది. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా పథకం ప్రకారం డి.జి.సి.ఎ. ఆమోదించిన పైలట్ శిక్షణకు రుణం ఇవ్వవచ్చు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తనఖా కోరతారు. అంటే కోటి రూపాయల శిక్షణకు దాదాపు మొత్తమంతా ఇంటి మీదో భూమి మీదో తీసుకోవలసిందే. భివండిలోని గాలా అద్దెది, ఊళ్లోని భూమి అన్నదమ్ముల ఉమ్మడిది అయినప్పుడు తనఖాకు పనికివచ్చే కాగితమే ఉండదు. అప్పుడు బయట వడ్డీకి, చిట్టీలకు దిగుతారు. ఆ పని చేయరాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. కోటి రూపాయలు నూటికి 11 రూపాయల సాలీనా వడ్డీకి తీసుకొని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 1,37,750 రూపాయలు కట్టాలి. శిక్షణ సాగే కాలంలో వడ్డీ చేరడం దీనికి అదనం. మొత్తం సొమ్ము మొదటి రోజే తీసుకుంటే రెండేళ్లకు అదే 22 లక్షలు అవుతుంది. అందుకే రుణాన్ని శిక్షణ దశలను బట్టి విడతలుగా తీసుకోవాలి. ఫీజును కూడా విడతలుగానే కట్టే ఒప్పందం కోరాలి. ఎగిరిన గంటలకు మించి ముందుగా డబ్బు తీసుకునే సంస్థ విషయంలో రెండుసార్లు ఆలోచించాలి. పైగా సహపైలట్‌గా కుదురుకునే వరకు పూర్తి జీతం రాదన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

సంతకం చేయబోయే ఒప్పందాన్ని తండ్రి ఇంగ్లీషు రాదని పక్కన పెట్టరాదు. తెలిసిన ఉపాధ్యాయునితోనో న్యాయవాదితోనో ప్రతి వాక్యం చదివించుకోవాలి. మధ్యలో ఒక పరీక్ష తప్పితే ఎన్ని అవకాశాలిస్తారు, తొలగిస్తే మిగిలిన సొమ్ము తిరిగి వస్తుందా, వాతావరణం వలనో విమానాల కొరత వలనో శిక్షణ ఆలస్యమైతే హాస్టలు ఖర్చు ఎవరిది, శిక్షణ పూర్తయ్యాక సంస్థకు ఖాళీలు లేకపోతే ఎంతకాలం ఆగాలి, ఆ మధ్యకాలంలో వేరే సంస్థలో చేరవచ్చా, చేరిన తరువాత ఎన్నేళ్ల బాండు? వీటికి జవాబులు కాగితం మీద లేకుంటే, నోటిమాటగా ఎవరు చెప్పినా లేనట్లే లెక్క.

శిక్షణ సంస్థ నాణ్యతను తెలుసుకోవడానికి ఇప్పుడు ఒక సౌకర్యం వచ్చింది. 2025 అక్టోబరు నుండి డి.జి.సి.ఎ. దేశంలోని ఫ్లయింగ్ స్కూళ్లకు శ్రేణులు ప్రకటించడం మొదలుపెట్టింది. తొలి జాబితాలో అత్యున్నతమైన రెండు శ్రేణులలో ఒక్క సంస్థకూ చోటు దక్కలేదు. ప్రకటన పత్రాల మెరుపును చూసి మోసపోకుండా ఉండడానికి ఈ ఒక్క సంగతి చాలు.

కోటి లేనివారి దారి

క్యాడెట్ కార్యక్రమం ఒక్కటే తలుపు కాదు. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉన్నది. దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటారు, రిజర్వేషన్లున్నవి. ఫీజు 45 లక్షల స్థాయిలో ఉంటూ వచ్చింది. ఇది కూడా పెద్ద మొత్తమే గాని కోటితో పోలిస్తే సగం. మహారాష్ట్రలోనే గోందియాలో నేషనల్ ఫ్లయింగ్ ట్రెయినింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. 1928లో ఏర్పడిన బాంబే ఫ్లయింగ్ క్లబ్ శిక్షణ ధూళేలో సాగుతున్నది, 1929లో జె.ఆర్.డి. టాటా దేశంలో మొదటి పైలట్ లైసెన్సును పొందినది ఈ క్లబ్బు నుండే. అమరావతి దగ్గర బేలోరాలో శిక్షణ సంస్థ నెలకొల్పుతామని ఎయిర్ ఇండియా 2024లో ప్రకటించింది. హైదరాబాదు బేగంపేటలో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఉన్నది. ఊరికి దగ్గరగా, బంధువుల ఇంట ఉండి నేర్చుకోగల చోటు దొరికితే ఖర్చులో తేడా కనిపిస్తుంది.

బేగంపేటలోని ఆ అకాడమీ ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీగా ఉన్న రోజులలో అక్కడ చేరిన ఒక అమ్మాయి ఉదంతం ఈ సందర్భంలో తప్పక చెప్పుకోవాలి. హైదరాబాదు పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా తండ్రి బేకరీ కార్మికుడు. ఆమె కోరికను విన్న 'సియాసత్' ఉర్దూ దినపత్రిక సంపాదకుడు జాహిద్ అలీ ఖాన్ శిక్షణకు తోడ్పడ్డారు. 2007లో చేరిన ఆమెకు కమర్షియల్ లైసెన్సు 2013లో వచ్చింది. అంటే రెండేళ్ల చదువు కాలేదు, ఆరేళ్లు పట్టింది. లైసెన్సు వచ్చినా ఉద్యోగం రాలేదు. బహుళ ఇంజన్ల విమాన శిక్షణకు, టైప్ రేటింగ్‌కు మళ్లీ లక్షలు కావలసి వచ్చినవి. 2015లో తెలంగాణ ప్రభుత్వం 36 లక్షల రూపాయలు మంజూరు చేసిన తరువాతే ఆ మెట్టు దాటగలిగారు. ఆ పైన ఇండిగోలో సహపైలట్ అయ్యారు. ఈ మధ్యలో ఆమెకు పెళ్లి, బిడ్డ కూడా. పత్రికలు ఆమె విజయాన్ని ఘనంగా వ్రాసినవి; అది న్యాయమే. కాని మన ఇళ్లవారు గమనించవలసినది ఆ కాలవ్యవధిని, రెండుసార్లు ఆగిపోయి రెండుసార్లు చేయూత దొరికిన తీరును. ఆమె తండ్రి బేకరీ జీతంతో అప్పు చేసి ఉంటే ఆ ఆరేళ్లూ వడ్డీ పెరుగుతూనే ఉండేది. చేయూత దొరకని వారి సంగతి పత్రికలలో రాదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు మరో మాట. ప్రపంచంలో మహిళా పైలట్ల నిష్పత్తి అధికంగా ఉన్న దేశాలలో మనది ముందు వరుసలో ఉన్నది. మన పైలట్లలో దాదాపు నూటికి పదిహేనుమంది మహిళలు. ఇందులో ఆడపిల్లకు తగదనే వాదనకు ఆధారం లేదు.

అప్పు అసలు అక్కరలేని దారి వైమానిక దళం. యు.పి.ఎస్.సి. నిర్వహించే ఎన్.డి.ఏ. పరీక్షకు పదహారున్నర నుండి పందొమ్మిదిన్నర ఏళ్ల లోపు వారు అర్హులు. వైమానిక దళానికి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితంతో పన్నెండవ తరగతి కావాలి. ఆ తరగతి చదువుతుండగానే దరఖాస్తు చేయవచ్చు. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఉత్తర్వు తరువాత అమ్మాయిలకూ ప్రవేశం లభించింది. శిక్షణ ఖర్చంతా ప్రభుత్వానిదే. పైలట్‌గా ఎంపికైనవారు చివరకు వచ్చి శిక్షణ పొందేది హైదరాబాదు దగ్గరి దుండిగల్ వైమానిక అకాడమీలోనే. కంటిచూపు నిబంధనలు పౌర విమానయానంకంటె కఠినం. పోటీ తీవ్రం. ఓడినా పోయేది దరఖాస్తు రుసుము మాత్రమే. చదివిన గణితం, భౌతికశాస్త్రం క్యాడెట్ వ్రాతపరీక్షకు అట్లాగే ఉపయోగపడతాయి.

భివండి, మాన్కోలి కుటుంబాలలో మహారాష్ట్ర నివాస ధ్రువపత్రం ఉన్నవారికి ఇంకొక సదుపాయం ఉన్నది. ఔరంగాబాద్‌లో, ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్‌లో, రాష్ట్ర ప్రభుత్వం 1977 నుండి సర్వీసెస్ ప్రిపరేటరీ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నది. పదవ తరగతి పూర్తి చేయబోయే అబ్బాయిలను ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూల ద్వారా తీసుకొని, జూనియర్ కాలేజీ చదువుతోపాటు ఎన్.డి.ఏ.కు సిద్ధం చేస్తారు. అమ్మాయిలకు ఇటువంటిదే నాసిక్‌లో వచ్చింది. మాన్కోలి మీదుగా పోయే రహదారి నేరుగా అక్కడికే వెళుతుంది. దీని ప్రవేశ ప్రకటన పదవ తరగతి చదువుతున్న ఏడాదిలోనే వస్తుంది గనుక, పన్నెండవ తరగతి ఫలితాల తరువాత ఆలోచించేవారికి ఇది అందదు. ఇంట్లో ఇప్పుడు తొమ్మిది, పది తరగతులు చదువుతున్న పిల్లలున్నవారు నివాస ధ్రువపత్రం కోసం ఈ వేసవిలోనే భివండి తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి రావడం మంచిది.